పిల్లికూన పట్టు

మీరు టాబ్లెట్ మీద చివరగా వేసిన బొమ్మ ఒకసారి తెరవండి. ఏదో ఒక గీత మీద వేలు పెట్టండి. ఆ గీత ఎన్నిసార్లు వేసి చెరిపితే ఇప్పుడున్న చోటికి వచ్చిందో గుర్తుందా? మూడుసార్లా? పదిసార్లా? నాకు ఒకప్పుడు ముప్పై దాటేది. ఒక్క ముక్కు గీతకు ముప్పై. గీత నున్నగా వచ్చేది, సన్నగా వచ్చేది, వంక పెట్టడానికి వీల్లేకుండా వచ్చేది. బొమ్మలో మాత్రం కదలిక ఉండేది కాదు.

నేను పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాను. సికింద్రాబాద్ పద్మారావు నగర్‌లో, మూడో అంతస్తులో, రెండు పిల్లులతో ఉంటాను. నల్లదాని పేరు కాటుక, మీగడ రంగుదాని పేరు జున్ను. ఐదేళ్ళ క్రితం ఒక ప్రచురణ సంస్థ నేను పంపిన పదహారు పేజీల బొమ్మల్నీ వెనక్కి పంపింది. తప్పులేమీ చూపలేదు. “అన్నీ ఉన్నాయమ్మా, ప్రాణమే లేదు” అన్నారు ఎడిటర్ గారు ఫోన్లో. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తప్పు చూపిస్తే దిద్దుకోవచ్చు. ప్రాణం లేదంటే ఎక్కణ్ణుంచి తేవాలి?

మర్నాడు పొద్దున్న ఆరింటికి, బాల్కనీలో పావురాలు రాకుండా కట్టిన వల ముందు కాటుక కూర్చుంది. వల అవతల పిట్టగోడ మీద పావురం. కాటుక మెడ నుంచి నడుము దాకా ఒక్క వంపులో సాగింది, తోక కొస మాత్రం ఆడుతోంది. టాబ్లెట్ ఒళ్ళోనే ఉంది. వెన్ను వేశాను, మెడ వేశాను, తోక సగం వేశాను. పావురం ఎగిరిపోయింది, కాటుక లేచి వంటింట్లోకి పోయింది. తెర మీద ఆరు గీతలు మిగిలాయి. ఒక చెవి లేదు, కాళ్ళు లేవు. అయినా చూడగానే తెలుస్తోంది, అది పిల్లి అని, దేన్నో కనిపెట్టుకుని ఉందని, ఇంకో క్షణంలో దూకుతుందని. వెనక్కి వచ్చిన పదహారు పేజీల్లో ఎక్కడా లేనిదేదో ఆ ఆరు గీతల్లో ఉంది.

ఎందుకుందో తెలుసుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. మీకు అన్నాళ్ళు పట్టకూడదని ఇది రాస్తున్నాను. మీరు బొమ్మలు వేసేవారు కాకపోయినా చదవండి.

ముందు చేతిలోని పరికరం సంగతి. ప్రొక్రియేట్ యాప్‌లో రెండు వేళ్ళతో తెరను తడితే చివరి గీత మాయమవుతుంది. అలా 250 అడుగులు వెనక్కి పోవచ్చు. చేయి వణికితే గీతను నున్నగా చేసిపెట్టే ఏర్పాటు ప్రొక్రియేట్‌లో స్ట్రీమ్‌లైన్ పేరుతో ఉంది, క్రిటా యాప్‌లో స్టెబిలైజర్ పేరుతో ఉంది. కనురెప్పలో ఒక్క వెంట్రుకను గోడంత పెద్దది చేసి చూపించే జూమ్ సరేసరి. ఇవన్నీ మంచి సౌకర్యాలు, నేనూ వాడతాను. చిక్కు ఎక్కడుందంటే, దీన్ని చెరిపేయొచ్చు అన్న సంగతి గీత మొదలవకముందే చేతికి తెలుసు. ఆ ధీమాతో వేసిన గీతలో మనసు సగమే ఉంటుంది. సగం మనసుతో వేసింది బాగుండదు కనుక చెరుపుతాం. చెరిపిన కొద్దీ ఈసారైనా సరిగ్గా రావాలన్న భయం పెరుగుతుంది, వేళ్ళు బిగుస్తాయి, తర్వాతి గీత ఇంకా కొయ్యబారుతుంది. 

ఈ చక్రం బొమ్మలవాళ్ళకే పరిమితం అనుకోకండి. అన్నయ్యకు వాట్సాప్‌లో రెండు ముక్కల క్షమాపణ రాయడానికి ఎనిమిదిసార్లు టైపు చేసి, ఎనిమిదిసార్లు చెరిపి, చివరికి దండం బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నవాళ్ళు నాకు తెలుసు. ఇంటర్వ్యూలో జవాబు తెలిసి కూడా, ఇంతకంటే మంచి మాట దొరుకుతుందేమోనని వెతుక్కుంటూ ఆగిపోయి, ఆ నిశ్శబ్దంలోనే ఉద్యోగం పోగొట్టుకున్న అమ్మాయి మా బంధువుల్లోనే ఉంది. చెరిపే అలవాటు చేతిలో మొదలై నోటిదాకా పాకుతుంది.

చెరపడానికి వీల్లేని రోజుల్లో ఎలా వేసేవారు? తెలుగులో గీత అనగానే బాపు గారి దగ్గరికే వెళ్ళాలి. 1933లో నరసాపురంలో పుట్టిన సత్తిరాజు లక్ష్మీనారాయణ లా చదివి, 1955లో ఆంధ్రపత్రికలో కార్టూనిస్టుగా చేరారు. అప్పటి పత్రికల అచ్చుకి బొమ్మను ఫొటో తీసి, జింకు రేకు మీద బ్లాకు చేయించాలి. గీత నల్లగా, తెగువగా ఉంటే బ్లాకులో నిలుస్తుంది. సన్ననివీ, లేతవీ న్యూస్‌ప్రింట్ మీద అలుక్కుపోతాయి. పైగా అచ్చుకి వెళ్ళే రోజు ఎవరికోసమూ ఆగదు. సిరా కాగితం మీద పడ్డాక దిద్దుకోవడానికి మిగిలిన దారి తెల్ల రంగు పూయడమే. ఒక్క గీతతో పని జరిగేచోట రెండో గీత వేయని ఆ పొదుపుకు ప్రతిభ ఎంత కారణమో ఆ ఇరుకు కూడా అంతే కారణమని నేను నమ్ముతాను. ఆయన వేసిన బుడుగు మొహంలో గీతలెన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. తర్వాత, వేయకుండా వదిలేసినవి ఎన్నో లెక్కపెట్టండి. ఆ రెండో లెక్కలోనే నాకు ఎక్కువ పాఠం దొరికింది.

ఇక్కడ ఒక అపార్థానికి తావివ్వకూడదు. నిండుగా వేయడం తప్పని నేను అనడం లేదు. చందమామలో విక్రమార్కుడు కత్తి పట్టుకుని, బేతాళుణ్ణి భుజాన వేసుకుని నడిచే బొమ్మ వేసిన శంకర్ గారి పని చూడండి. ఎంత వివరం! అయినా ఆ నడకలో బరువు తెలుస్తుంది, చీకటి తెలుస్తుంది. కనుక గీతల సంఖ్యలో రహస్యం లేదు. ఆయన చూసి వేశారు. నేను భయపడి వేశాను. నా పదహారు పేజీల్లో ఉన్న వివరమంతా తప్పు జరగకుండా కట్టుకున్న కంచె.

ఈ భయానికి వైద్యం పిల్లి దగ్గర ఉంది. ఎందుకంటే పిల్లి మీ కోసం ఆగదు. మనిషిని కూర్చోమంటే కూర్చుంటాడు, ఫొటో ఎప్పటికీ కదలదు. పిల్లి తన పని తను చూసుకుంటుంది. మీకు దొరికేది నాలుగు క్షణాలు, అదృష్టం బాగుంటే పది. అంత సేపట్లో మీసాలు లెక్కపెట్టలేరు. ఈ ఒళ్ళు ఏం చేస్తోంది, బరువు ఏ కాలి మీద ఉంది, వెన్ను ఎటు వంగింది, ఇంతవరకే పట్టుకోగలరు. న్యూయార్క్‌లో బొమ్మలు నేర్పిన కైమన్ నికొలైడెస్ అనే ఉపాధ్యాయుడి పాఠాలు ఆయన పోయాక 1941లో పుస్తకంగా వచ్చాయి. ఆ పద్ధతిలో మొదటి మెట్లలోనే ఇది ఉంది. వస్తువు ఎలా ఉందో వేయకుండా, అది ఏం చేస్తోందో వేయాలి, అదీ చూస్తూనే, చేయి ఆపకుండా వేయాలి. నేను ఆ పుస్తకం కాలేజీలో చదివాను. అర్థమైంది మాత్రం కాటుక వల్ల.

జంతువుతో కలిసి బతుకుతూ దాన్ని వేయడం అన్నది కొత్త ఆలోచన కూడా కాదు. ఎడో యుగపు జపాన్‌లో ఉతగావా కునియోషి అనే చిత్రకారుడు పిల్లుల మధ్య కూర్చునే బొమ్మలు వేశాడు. పారిస్‌లో స్థిరపడ్డ స్టీన్లెన్ అనే చిత్రకారుడు 1898లో ఒక్క మాట కూడా లేకుండా పిల్లుల బొమ్మలతోనే కథలు చెప్పిన పుస్తకం తెచ్చాడు. ఇంగ్లండు చిత్రకారుడు డేవిడ్ హాక్నీ 1990లలో తన రెండు పెంపుడు కుక్కల్ని వేయాలనుకున్నప్పుడు, ఏ క్షణంలో ఎక్కడ దొరుకుతాయో తెలియక ఇంట్లో అక్కడక్కడా సరంజామా సిద్ధంగా పెట్టుకున్నాడు. అదే హాక్నీ డెబ్బై దాటాక, 2009లో ఐఫోన్ మీద, మరుసటి ఏడాది ఐప్యాడ్ మీద వేళ్ళతో బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. డిజిటల్ అనగానే గాజులాంటి నున్నదనం తప్పదనుకునేవారు ఆయన వేసిన కిటికీ పూలను చూడాలి.

మన చేతికి వద్దాం. పట్టు మారకుండా గీత మారదు.

శ్రీవైష్ణవుల శరణాగతి చర్చల్లో రెండు న్యాయాలు వినిపిస్తాయి. మర్కట కిశోర న్యాయం ఒకటి, మార్జాల కిశోర న్యాయం రెండోది. కోతిపిల్ల తల్లి పొట్టను తనే గట్టిగా పట్టుకోవాలి, పట్టు జారితే కింద పడుతుంది. పిల్లికూన దేన్నీ పట్టుకోదు. మెడమీది తోలు తల్లి నోట కరవగానే ఒళ్ళంతా వదిలేస్తుంది, తల్లే మోసుకుపోతుంది. వడగలై వారు మొదటి పోలికనూ తెంగలై వారు రెండో పోలికనూ చెబుతారు. అందులోని వేదాంతం పెద్దలకు వదిలిపెడుతున్నాను. స్టైలస్ పట్టుకోవడంలో మాత్రం నేను ఏళ్ళ తరబడి కోతిపిల్లనే. మొనకు అంగుళం దూరంలో మూడు వేళ్ళూ బిగించి, మణికట్టు తెరకు ఆనించి, గోళ్ళు తెల్లబడేదాకా నొక్కేదాన్ని. సాయంత్రానికి బొటనవేలి మొదట్లో నొప్పి.

ఇప్పుడు చెప్పేది ఈ రోజే చేసి చూడండి. స్టైలస్‌ను మొన నుంచి నాలుగు వేళ్ళ వెడల్పు వెనక్కి పట్టుకోండి. ఇంట్లో ఎవరినైనా పిలిచి, మీరు గీస్తుండగా దాన్ని మీ చేతిలోంచి లాగమనండి. తేలిగ్గా జారి వస్తే పట్టు సరిగ్గా ఉన్నట్టు. లాగినవాళ్ళు కష్టపడితే ఇంకా వదలాలి. తర్వాత మణికట్టు పైకెత్తి, మోచేయీ భుజమూ కదిలేలా గీయండి. ముగ్గు వేసే ఆడవాళ్ళను ఎప్పుడైనా గమనించారా? వాకిట్లో నిలబడి నడుము వంచి మెలికల ముగ్గు తిప్పేటప్పుడు కదిలేది వేళ్ళు కాదు, చేయంతా. అందుకే ఆ మెలిక ఎక్కడా నలగదు. మా అమ్మ ముగ్గు చేయి నాకు రాలేదని చాలాకాలం అనుకున్నాను. టాబ్లెట్‌ను బల్ల మీద ఏటవాలుగా నిలబెట్టి, నేనూ నిలబడి గీశాక ఆ చేయి నా దగ్గరే ఉందని తెలిసింది. తెర గాజు కావడంతో మొన జారుతుందన్న భయానికీ మనం నొక్కుతాం. కాగితంలా గరుకుగా ఉండే పల్చటి ఫిల్మ్ అంటిస్తే ఆ భయం చాలావరకు పోతుంది.

చేయి వదులైతే సరిపోతుందా అంటే, చాలదు. వదులు వేరు, అలసత్వం వేరు. ఏమీ తెలియకుండా వదులుగా వేస్తే పిల్లి బదులు మూట వస్తుంది. నాకు నెల రోజులు మూటలే వచ్చాయి. అప్పుడు పిల్లి ఒంటి నిర్మాణం చదివాను. మనకు మెడ కింద ఉండే జత్రుక ఎముక భుజాన్ని ఛాతీతో కలిపి కడుతుంది. పిల్లిలో ఆ ఎముక చాలా చిన్నది, వేరే ఎముకకు అతుక్కోకుండా కండరాల మధ్య ఉంటుంది. అందుకే తల దూరిన సందులోంచి భుజాలు కూడా ముడుచుకుని దూరిపోతాయి, నడిచేటప్పుడు భుజపుటెముకలు వీపు కంటే పైకి లేచి దిగుతుంటాయి. ఈ ఒక్క సంగతి తెలిశాక నా బొమ్మల్లో పిల్లి నడవడం మొదలుపెట్టింది. 1894లో ఎతియెన్ జూల్ మారే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త, తలకిందులుగా వదిలిన పిల్లి గాల్లో తిరిగి కాళ్ళ మీద ఎలా వాలుతుందో వరుస ఫొటోలు తీశాడు. ఆధారం ఏదీ లేకుండానే అది నడుము దగ్గర వంగి, ముందు సగాన్ని ఒకలా, వెనక సగాన్ని మరోలా మెలితిప్పుతుంది. ఆ ఫొటోలను ముందు పెట్టుకుని వారం రోజులు కేవలం వెన్నుగీత వేశాను. కళ్ళు, చెవులు, వెంట్రుకలు ఏమీ వేయలేదు. 

తెలిసినవాడి చేయే వదలగలదు. వంటకు కూడా ఇది వర్తిస్తుంది. పదేళ్ళుగా పులుసు పెడుతున్నవాళ్ళు ఉప్పు కొలవరు. కొలవకపోవడం వాళ్ళ నిర్లక్ష్యం కాదు, చేతికి కొలత ఎక్కింది.

ఇక రోజువారీ సాధన. నేను పాటించినదే చెబుతాను, మీ వీలును బట్టి మార్చుకోండి. చిన్న క్యాన్వాస్ తీసుకోండి, అడ్డం నిలువు వెయ్యేసి పిక్సెళ్ళు చాలు. అచ్చుకి వెళ్ళే ఏ4 పేజీకి 300 డీపీఐ దగ్గర 2480 అడ్డం, 3508 నిలువు కావాలి, కానీ సాధనకు అంత అవసరం లేదు. చిన్న క్యాన్వాస్‌లో జూమ్ చేసినా గళ్ళు తప్ప ఏమీ కనిపించవు కనుక ఆ తీట తీరుతుంది. ఒకటే లేయర్, ఒకటే బ్రష్. స్టెబిలైజర్ సున్నా. గీత వణికితే వణకనివ్వండి, ఆ వణుకు మీ చేతిది. అన్‌డూ ముట్టుకోకూడదు. తప్పు గీత పడితే దాని పక్కనే సరైన గీత వేయండి, రెండూ ఉండనివ్వండి. చూసేవాడి కన్ను సరైనదాన్ని తనే ఎంచుకుంటుంది, రెండు గీతల మధ్య చిన్న కదలిక కూడా కనిపిస్తుంది. మొదట్లో నా వేళ్ళు అలవాటు కొద్దీ తెరను తట్టేవి. అందుకని ఎడమ చేత్తో మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని గీశాను, పది రోజులకు అలవాటు తప్పింది.

నిద్రపోయే పిల్లితో మొదలుపెట్టండి. రోజులో సగానికి పైగా అది నిద్రలోనే ఉంటుంది, కనుక సమయం దొరకలేదన్న సాకు మిగలదు. నిమిషం సేపు చూడండి, స్టైలస్ కింద పెట్టి చూడండి. తర్వాత పన్నెండు అంకెలు లెక్కపెట్టేలోపు వేసి ఆపేయండి. బాగుందో లేదో తేల్చకండి, పక్కన పెట్టి ఇంకోటి వేయండి. పొద్దున పది, రాత్రి పది. ఏ ఒక్కటీ తొలగించకండి. తేదీ పేరుతో ఫోల్డర్ పెట్టి మూడు వారాల దాకా తెరవకండి. నేను మూడు వారాల తర్వాత తెరిచినప్పుడు నాలుగు వందలకు పైగా ఉన్నాయి. వాటిలో పనికొచ్చేవి పదకొండు. ఆ పదకొండూ నేను అప్పటివరకు వేసిన ఏ బొమ్మకన్నా మంచివి. వేసిన రోజు వాటిలో చాలావాటిని నేను పాడైపోయాయనుకున్నాను. వేసిన వెంటనే మన పని మీద మనం ఇచ్చే తీర్పు నమ్మదగ్గది కాదని ఆ రోజు నాకు రుజువుతో సహా తెలిసింది.

పిల్లి లేనివాళ్ళు ఏం చేయాలి? బయటికి రండి. సికింద్రాబాద్‌లో కదలనిది క్లాక్ టవర్ ఒక్కటే. స్టేషన్ ప్లాట్‌ఫారం మీద మూటలు దించే కూలీలు, పొద్దున్నే మోండా మార్కెట్‌లో బస్తాలు విప్పేవాళ్ళు, ఎవరూ మీ కోసం ఆగరు. ఆషాఢంలో బోనాలు గోల్కొండలో మొదలై లష్కర్‌కు, అంటే సికింద్రాబాద్‌కు, వచ్చిన ఆదివారం ఉజ్జయిని మహంకాళి గుడి దగ్గర నిలబడండి. పసుపు పూసుకున్న పోతరాజు కొరడా తిప్పుతూ మీ ముందు నుంచి దూకుతూ పోతాడు. కొరడా గాల్లో ఉన్నప్పుడు పాదం ఎక్కడుందో పట్టుకోగలిగితే చాలు, మిగతా బొమ్మ దానంతట అదే వస్తుంది. తల మీద బోనం ఎత్తుకున్న ఆడవాళ్ళ మెడలు చూడండి. అంత జనంలో ఆ మెడ ఒక్కటే నిటారుగా, నెమ్మదిగా సాగుతుంటుంది. నేను మూడేళ్ళుగా వెళ్తున్నాను, ఆ మెడ ఇంకా కుదరలేదు. ఈ ఏడూ వెళ్తాను.

మోండాలోనే ఒక పాఠం నేర్చుకున్నాను. కొత్తిమీర అమ్మే పెద్దమ్మను రెండు వారాలు వేశాను. ఒకనాడు ఆమె టాబ్లెట్ లాక్కుని చూసింది. “గిది నేనేనా బిడ్డా? మరి గంపేది?” అంది. గంప వదిలేయడం నాకు పొదుపుగా, అందంగా తోచింది. ఆమె అడిగాక మళ్ళీ చూశాను. నడుము అలా వంగింది గంప వల్ల, కుడి మోచేయి అలా బయటికి వచ్చింది గంప వల్ల. గంప లేకపోయేసరికి ఆమె నా బొమ్మలో ఊరికే నొప్పితో ఒరిగిన మనిషిలా ఉంది. ఏది వదలాలో తేల్చుకునే ముందు, బరువు దేని మీద ఆనిందో చూడాలి. మిగతా ఎన్నయినా పోనివ్వండి, ఆ ఒక్కటి పోకూడదు. ఇంట్లో పనులు తగ్గించుకునేటప్పుడూ, ఉద్యోగం మారేటప్పుడూ నేను ఇదే అడుగుతున్నాను, గంప ఏది అని.

శైలి మారితే పని ఇచ్చేవాళ్ళు ఒప్పుకుంటారా అన్నది చాలామంది నన్ను అడిగే ప్రశ్న. నిజాయితీగా చెబుతాను, మొదట్లో ఒప్పుకోరు. “ఇది రఫ్ కదమ్మా, ఫెయిర్ ఎప్పుడిస్తారు?” అని అడుగుతారు. అప్పుడు తడబడకూడదు. “ఫెయిరే అండీ. ఈ కథలో పిల్లాడు పేజీ పేజీకీ పరుగెత్తుతున్నాడు, అందుకే గీత ఇలా ఉంది” అని కథలోంచి కారణం చెప్పాలి. నేను కొన్నాళ్ళు ఒకే పేజీని రెండు రకాలుగా వేసి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి పంపాను. మూడో పుస్తకం నుంచి కొత్తదాన్నే ఎంచుకున్నారు. త్వరగా వేశారు కదా అని డబ్బు తగ్గించమంటే మాత్రం ఒప్పుకోకండి. పన్నెండు క్షణాల గీత వెనక నాలుగు వందల బొమ్మలున్నాయి. ఆ మాట నెమ్మదిగా, స్పష్టంగా చెప్పండి. పాఠ్యపుస్తకంలో గుండె బొమ్మ, పరికరాలు విప్పి చూపే బొమ్మ లాంటివి అడిగితే మాత్రం బిగువుగానే వేయండి. అక్కడ చదివేవాడికి కావాల్సింది కచ్చితత్వం, మన శైలి కాదు.

బొమ్మల కోసం పిల్లిని తెచ్చుకుందామనుకునేవాళ్ళకు ఒక విన్నపం. తెచ్చుకోవద్దు. పిల్లి కోసమే పిల్లిని తెచ్చుకోండి. పదిహేనేళ్ళ బాధ్యత అది. టీకాలు వేయించాలి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి, బాల్కనీకి గట్టి వల కట్టించాలి. ఛార్జింగ్ తీగలు కొరకకుండా గొట్టంలో దూర్చాలి. పుట్టినరోజుకి ఎవరైనా లిల్లీ పూలగుత్తి తెస్తే గుమ్మం దగ్గరే ఆపేయాలి. వాటి పుప్పొడి ఒంటికి అంటి, నాకినా పిల్లి మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఇంగ్లండులో ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2020లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. పిల్లి వైపు చూస్తూ మెల్లగా, సగం మూసి తెరుస్తూ రెప్పలార్పితే అది కూడా తిరిగి అలాగే ఆర్పే అవకాశం ఎక్కువట, దగ్గరికి రావడానికీ మొగ్గు చూపుతుందట. నేను బొమ్మ వేయడానికి ముందు జున్నుకు అలా రెప్పలార్పుతాను. అది నమ్మకంగా కూర్చుంటుంది. ఇందులో నాకు జరిగే మేలు ఇంకోటుంది. అలా మెల్లగా కళ్ళు మూసి తెరిచేసరికి నా దవడ, నా మెడ కూడా వదులవుతాయి. గుచ్చి గుచ్చి చూసే చూపుకు పిల్లి బెదురుతుంది, బొమ్మా బెదురుతుంది.

కింది అంతస్తులో మామ్మగారు ఉంటారు. స్కందగిరి గుడికి రోజూ సాయంత్రం పూలు కట్టి తీసుకెళ్తారు. మల్లెలు కట్టే దారం మా జున్నుకు ప్రాణం. దారం మింగితే పేగుల్లో చుట్టుకుని ప్రాణం మీదికి వస్తుందని వైద్యుడు చెప్పినప్పటి నుంచి, మామ్మగారు పూలు కట్టేటప్పుడు నేనూ కింద కూర్చుని జున్నును ఒళ్ళో పట్టుకుంటాను. కుడి చేయి ఖాళీ. అలా పోయిన శుక్రవారం మామ్మగారి చేతులు వేశాను. రెండు చేతులు, దారం ఎక్కడుందో తెలియడానికి ఒక గీత, మల్లెలకు నాలుగు చుక్కలు. మొహం వేయలేదు. మొత్తం తొమ్మిది గీతలు. చూపించమంటే చూపించాను. కళ్ళజోడు సర్దుకుని, టాబ్లెట్ దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశారు.

“నా వంకర బొటనవేలు కూడా వేశావుటే” అన్నారు. ఎప్పుడో పెళ్ళైన కొత్తలో రోటి పచ్చడి నూరుతూ విరగ్గొట్టుకున్న వేలట. ఆ సంగతి నాకు అంతవరకు తెలియదు. వేలు అలా ఉంది కనుక అలా వేశాను. ఆ తర్వాత ఆమె విరిగిన వేలితో ఆ పూట వంట ఎలా పూర్తి చేశారో, వాళ్ళత్తగారు ఏమన్నారో, కట్టు ఎవరు కట్టారో చెప్పుకుంటూ పోయారు. జున్ను ఒళ్ళో నిద్రపోయింది. పూల మాల మూరెడు పెరిగింది. నేను స్టైలస్ పక్కన పెట్టి వింటూ కూర్చున్నాను.